వెన్నుపూసల గడియారం

మన ఫీల్డులో ఐదారేళ్ళు కుర్చీకి అతుక్కుపోయి పనిచేసినవాళ్ళకి ఎల్4, ఎల్5 అంటే ఏమిటో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ప్రతి టీములోనూ నడుముకి బెల్టు పెట్టుకుని తిరిగేవాడు ఒకడుంటాడు. ఎమ్మారై ఫిల్ము లైటుకెదురుగా పట్టుకుని "ఇదిగో, ఇక్కడ నొక్కుకుంటోందట" అని వేలు పెట్టి చూపిస్తాడు. ఈసారి ఎవరైనా చూపిస్తే నొప్పి ఉన్న చోటు వదిలేసి మొత్తం ఫిల్ముని ఒకసారి చూడండి. మెడలో 7 పూసలు, ఛాతీ వెనక 12, నడుములో 5, దాని కింద ఒకదానికొకటి అతుక్కుపోయిన 5, చివర తోక తాలూకు జ్ఞాపకంగా మిగిలిన ఓ 4. బెంగుళూరులో తీసినా, హైదరాబాదులో తీసినా, న్యూజెర్సీలో తీసినా దాదాపుగా ఇదే లెక్క. జిరాఫీకీ మెడలో 7 పూసలే. కొన్ని పాములకి మాత్రం మొత్తం మూడొందలు దాటతాయి.

మరి ఈ లెక్క ఎవరు పెడుతున్నారు? ఆవగింజంత పిండానికి అంకెలు రావు. "ఇరవై మూడయ్యాయి, ఇంకో పది కావాలి" అనుకునే సూపర్‌వైజరు కణం ఏదీ లోపల లేదు. జవాబు ఒక్క ముక్కలో చెప్పాలంటే, పిండం లెక్కపెట్టదు, టైము చూసుకుంటుంది. ఆ టైము చూసే గడియారం ఒకటి ఉండి ఉండాలని 1976లో ఇద్దరు మనుషులు కాగితం మీద రాస్తే, నిజంగానే ఉందని కళ్ళతో చూడటానికి 1997 దాకా పట్టింది. జీవశాస్త్రం అంటే బట్టీ అనుకుని ఎంపీసీలో చేరిన నాలాంటి వాళ్ళకి కూడా నిద్ర పట్టనివ్వని కథ ఇది.

ముందు కోడిగుడ్డుతో మొదలుపెడదాం. గుడ్డుని పొదగేసిన రెండో రోజున పెంకు మీద చిన్న కిటికీలాగా కోసి లోపలికి చూస్తే, పచ్చసొన మీద సన్నటి గీతలాగా పిండం కనిపిస్తుంది. ఆ గీతకి రెండు పక్కలా జంటలు జంటలుగా చిన్న చిన్న దిమ్మెలు. వీటిని సోమైట్లు అంటారు. 1670లలోనే ఇటలీ వైద్యుడు మాల్పీగీ తన సూక్ష్మదర్శినిలో కోడిపిండాన్ని చూసి గీసిన బొమ్మల్లో ఇవి ఉన్నాయి. తల వైపు నుంచి తోక వైపుకి ఒక్కో జతా విడిపోతూ వస్తుంది. కోడిలో సరిగ్గా 90 నిమిషాలకి ఒక జత. జీబ్రాఫిష్ అనే చిన్న చేపలో 30 నిమిషాలకి, చిట్టెలుకలో 2 గంటలకి. మన వెన్నుపూసలు, పక్కటెముకలు, వీపు కండరాలు, వీపు చర్మం లోపలి పొర, ఇవన్నీ ఆ దిమ్మెల నుంచే వస్తాయి.

ఇక్కడొక తమాషా ఉంది. ఒక సోమైటు నుంచి ఒక పూస వస్తుందనుకుంటాం కదా, అలా రాదు. ఒక సోమైటు వెనక సగం, దాని తరవాతి సోమైటు ముందు సగం కలిసి ఒక పూస అవుతాయి. 1850లలో రీమాక్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఈ సంగతి చెప్పాడు. కండరం మాత్రం సోమైటు లెక్కనే ఉంటుంది కాబట్టి, ప్రతి కండరమూ ఒక పూస నుంచి ఇంకో పూసకి వంతెనలాగా పడుతుంది. ఆ సగం జరుగుడే లేకపోతే వెన్ను వంగదు. 1984లో కీన్స్, స్టెర్న్ ఇంకోటి చూపించారు: వెన్నుపాము నుంచి బయటకొచ్చే నరాలు ప్రతి సోమైటులోనూ ముందు సగం గుండానే వెళ్తాయి, వెనక సగం వాటిని రానివ్వదు. అంటే మీ టీమ్మేట్ కాల్లోకి దిగే ఆ సయాటికా నరం ఏ రెండు పూసల మధ్య నుంచి రావాలో కూడా, అతను బియ్యపు గింజంత ఉన్నప్పుడే తేలిపోయిందన్నమాట.

సరే, అసలు విషయానికొద్దాం. చారలు, దిమ్మెలు, మచ్చలు లాంటివి తమంతట తామే ఎలా ఏర్పడతాయన్న ప్రశ్నకి లెక్కలతో సమాధానం చెప్పడానికి మొదట ప్రయత్నించినవాళ్ళలో మనకి బాగా తెలిసిన పెద్దమనిషి ఉన్నాడు, ఎలన్ ట్యూరింగ్. 1952లో ఆయన రాసిన పేపర్లో, రెండు రసాయనాలు వేర్వేరు వేగాలతో వ్యాపిస్తూ ఒకదాన్నొకటి ప్రభావితం చేసుకుంటే చారలు వాటంతటవే పుడతాయని చూపించాడు. చాలా అందమైన లెక్క. కానీ వెన్నుపూసలకి అది ఒక్కచోట సరిపోదు. ట్యూరింగ్ చారల మధ్య దూరాన్ని రసాయనాల గుణాలు నిర్ణయిస్తాయి. కాబట్టి పిండం చిన్నదైతే చారలు తగ్గాలి.

లండన్ మిల్‌హిల్‌లో కప్పల మీద పనిచేసే జోనథన్ కుక్ సరిగ్గా ఇదే పరీక్షించాడు. తొలి దశలోనే కప్ప పిండంలో కొంత భాగం కోసేసి, మిగిలినదాన్ని పెరగనిచ్చాడు. పొట్టి పిండం తయారైంది. సోమైట్లు లెక్కపెడితే మామూలు పిండంలో ఎన్నో దీంట్లోనూ అన్నే! ఒక్కోటి సైజు తగ్గించుకున్నాయి తప్ప సంఖ్య మారలేదు. ఇది 1975 మాట. అంటే ఏదో కొలబద్ద పెట్టి "ఇంత దూరానికొకటి" అని కోయడం లేదు. ఇంకేదో జరుగుతోంది.

కుక్ ఈ చిక్కుముడిని వార్విక్ యూనివర్సిటీ గణిత శాస్త్రవేత్త క్రిస్టఫర్ జీమన్ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఇద్దరూ కలిసి 1976లో రాసిన పేపరే 'క్లాక్ అండ్ వేవ్‌ఫ్రంట్' నమూనా. దాన్ని సమీకరణాలు లేకుండా చెప్పుకోవచ్చు. ఒక పొడవాటి తాడు ఉందనుకోండి. ఒకడు ఆ తాడు వెంట ఈ చివర నుంచి ఆ చివరకి తాపీగా నడుస్తున్నాడు. ఊళ్ళో గుడి గంట మోగినప్పుడల్లా తను ఉన్న చోట ఒక ముడి వేస్తాడు. రెండు ముడుల మధ్య దూరం ఎంత? వాడి నడక వేగాన్ని గంటకీ గంటకీ మధ్య సమయంతో గుణిస్తే వచ్చేంత. మొత్తం ముడులెన్ని? వాడు తాడు చివరకి చేరేలోపు గంట ఎన్నిసార్లు మోగితే అన్ని. తాడు పొట్టిదై, వాడు ఆ మేరకు నెమ్మదిగా నడిచి అదే సమయానికి చివరకి చేరితే ముడులు అన్నే ఉంటాయి, దగ్గర దగ్గరగా పడతాయి. కుక్ చూసిన పొట్టి కప్ప ఇదే. గుడి గంట అంటే ప్రతి కణంలోనూ ఉండే గడియారం. నడిచేవాడు అంటే తల నుంచి తోక వైపుకి జరుగుతూ వెళ్ళే ఒక సరిహద్దు గీత.

ఒక్క జన్యువు పేరు లేదు. ఒక్క రసాయనం పేరు లేదు. పైగా జీమన్ ఆ రోజుల్లో కెటాస్ట్రఫీ థియరీతో అన్నింటినీ వివరించేస్తున్నాడని విమర్శలు కూడా ఎదుర్కొంటున్నాడు. బయాలజీ జనానికి గణితం వాళ్ళ మీద మామూలుగానే కొంచెం అనుమానం, "ఆవుని గోళాకారం అనుకుందాం" అనే బాపతని. కోడి పిండాలని కాసేపు వేడి చేస్తే తరవాత ఏర్పడే సోమైట్లలో లోపాలు కొన్ని సోమైట్లకొకసారి మళ్ళీ మళ్ళీ కనిపిస్తున్నాయని 1980ల చివర్లో స్టెర్న్, కీన్స్ బృందం చూపించి, కణాలు విభజన చెందే చక్రమే అసలు గడియారమేమో అన్నారు. ఇంకొందరు ఇంకో నమూనా అన్నారు. మొత్తానికి ఆ ఇరవయ్యేళ్ళూ ఎవరి నమూనా వాళ్ళది, గడియారాన్ని చూసినవాడు మాత్రం లేడు.

ఈలోగా అసలు విప్లవం ఈగల దగ్గర నడిచింది. 1980లో న్యూస్లైన్ ఫోల్‌హార్డ్, వీషౌస్ ఇద్దరూ పండు ఈగ లార్వా శరీరంలోని పట్టీలని నిర్ణయించే జన్యువులని ఒక్కొక్కటిగా పట్టుకుని వరసపెట్టి ప్రకటించారు. 1995లో నోబెల్ కూడా వచ్చింది. ఈగలో గడియారం గొడవ లేదు, పట్టీలన్నీ దాదాపు ఒకేసారి పడిపోతాయి. ఆ జన్యువుల్లో 'హెయిరీ' అని ఒకటి. పేరు చూసి నవ్వకండి, అది చెడిపోతే ఈగకి ఉండకూడని చోట వెంట్రుకలొస్తాయి, అందుకని ఆ పేరు. పిండంలో అది ఏడు చారలుగా వెలుగుతుంది. వెన్నెముక ఉన్న జంతువుల్లో దీని చుట్టం ఏదైనా ఉందా, అది కూడా చారలు వేస్తుందా అని చాలా ల్యాబులు వెతకడం మొదలుపెట్టాయి.

ఫ్రాన్స్‌లో మార్సే నగరంలో ఒలివియే పుర్కియే ల్యాబ్ అలాంటిదే. కోడిలో హెయిరీ చుట్టం దొరికింది, సి-హెయిరీ1 అని పేరు పెట్టారు. పోర్చుగల్ నుంచి వచ్చిన ఇజబెల్ పాల్మెయిరిమ్ అనే పరిశోధక విద్యార్థిని ఆ జన్యువు ఎక్కడ పనిచేస్తోందో రంగు వేసి చూస్తోంది. ఒకే వయసు పిండాలు, ఒకే పద్ధతి. కానీ ఒకదాంట్లో రంగు తోక దగ్గర వెడల్పుగా ఉంది, ఇంకోదాంట్లో మధ్యలో సన్నగా ఉంది, మరోదాంట్లో ముందుకొచ్చేసి పట్టీలాగా ఉంది. ఒకే ఇన్‌పుట్‌కి రోజుకో అవుట్‌పుట్. మనమైతే ఏం చేస్తాం? "ఫ్లేకీ టెస్టు, ఇంకోసారి రన్ చెయ్" అంటాం. పచ్చగా వచ్చేదాకా కొట్టి, వచ్చాక మెర్జ్ చేసేసి ఇంటికెళ్తాం.

ఆవిడ చేసింది చూడండి. పిండాన్ని మధ్యకి నిలువునా రెండు సగాలు చేసింది. ఎడమ సగం, కుడి సగం రెండూ ఒకే క్షణంలో ఉన్నాయి కదా. ఒక సగాన్ని వెంటనే రసాయనంలో వేసి ఆ క్షణం దగ్గర ఆపేసింది. రెండో సగాన్ని ఇంకుబేటర్లో ఇంకొంచెంసేపు బతకనిచ్చి, అప్పుడు ఆపింది. రెండింటికీ రంగు వేసి పక్కపక్కన పెట్టింది. కొద్ది నిమిషాల తేడాకే రెండు సగాల్లో చారలు వేర్వేరు చోట్ల ఉన్నాయి. 90 నిమిషాలు ఆగితే మాత్రం మళ్ళీ అదే చిత్రం, ఈలోపు ఒక కొత్త సోమైటు చేరి ఉంది. జన్యువు ప్రతి కణంలోనూ 90 నిమిషాలకొకసారి వెలిగి ఆరుతోందన్నమాట. 1997లో 'సెల్' పత్రికలో వచ్చిన ఆ పేపర్లో నలుగురి పేర్లున్నాయి: పాల్మెయిరిమ్, హెన్రిక్, ఇష్-హొరోవిట్జ్, పుర్కియే. తోక దగ్గర పుట్టిన కణం సోమైటులో చేరేలోపు ఇలా 12 సార్లు వెలిగి ఆరుతుందని కూడా లెక్కగట్టారు. అంటే 18 గంటల ప్రయాణం.

పిండంలో చూస్తే ఆ వెలుగు తోక నుంచి ముందుకి అలలాగా పాకుతున్నట్టు కనిపిస్తుంది. నిజానికి ఏదీ పాకదు. వినాయకచవితి పందిరికి కట్టిన సీరియల్ లైట్లు గుర్తు తెచ్చుకోండి, వెలుగు పరిగెడుతున్నట్టుంటుంది కానీ ఏ బల్బూ కదలదు, ఒక్కోటి తన వంతు ప్రకారం వెలిగి ఆరుతుంది. దీన్ని కూడా వాళ్ళు పరీక్షించారు. మధ్యలో కణజాలాన్ని కోసి రెండు ముక్కలు విడదీసినా అల తన టైము ప్రకారం అవతలి ముక్కలో కనిపించింది. సందేశం ఒకరి నుంచి ఒకరికి వెళ్తుంటే కోసిన చోట ఆగిపోవాలి కదా. అంటే గడియారం ప్రతి కణం జేబులోనూ ఉంది.

మరి ఆ గడియారంలో ముల్లు తిప్పేదేమిటి? ఇక్కడి నుంచి బీటెక్‌లో కంట్రోల్ సిస్టమ్స్ చదివినవాళ్ళకి పండగే. పాత లాడ్జిల్లో గీజరు కుళాయి అనుభవం అందరికీ ఉండే ఉంటుంది. చల్లగా ఉందని తిప్పుతాం, వేడి రావడానికి అర నిమిషం పడుతుంది, ఈలోగా ఇంకా తిప్పుతాం, ఒక్కసారిగా సలసలా కాగే నీళ్ళు, వెంటనే వెనక్కి తిప్పుతాం, మళ్ళీ అర నిమిషానికి చన్నీళ్ళు. ఫీడ్‌బ్యాక్ ఉంది, కానీ ఆలస్యంగా వస్తోంది, అందుకే ఊగిసలాట. 2003లో జూలియన్ లూయిస్ చేపలోని గడియారం కూడా ఇంతేనని లెక్కలు వేసి చూపించాడు. ఒక జన్యువు ప్రోటీన్‌ని తయారుచేస్తుంది. ఆ ప్రోటీన్ వెనక్కొచ్చి తనని పుట్టించిన జన్యువునే ఆపేస్తుంది. పాత ప్రోటీన్ కరిగిపోగానే జన్యువు మళ్ళీ మొదలు. జన్యువు చదవడానికి, కత్తిరించడానికి, ప్రోటీన్ తయారవడానికి పట్టే ఆలస్యమే ఆ గడియారం పిరియడ్‌ని నిర్ణయిస్తుంది.

ఇది నిజమా కాదా అని జపాన్‌లో కగేయామా బృందం ఎలుకల్లో పరీక్షించిన తీరు నాకు ఈ కథ మొత్తంలో బాగా నచ్చిన భాగం. ఎలుకలో ఆ జన్యువు పేరు హెస్7. ఆ ప్రోటీన్ సుమారు 20 నిమిషాలకి సగం కరిగిపోతుంది. 2004లో వాళ్ళు ప్రోటీన్‌లో ఒక్కటంటే ఒక్క అమైనో ఆమ్లం మార్చి, ఆ సమయం 30 నిమిషాలయ్యేలా చేశారు. ప్రోటీన్ పని మామూలుగానే చేస్తోంది, కాకపోతే పది నిమిషాలు ఎక్కువ నిలుస్తోంది. అంతే, మూడు నాలుగు చక్రాలు తిరిగి గడియారం చెదిరిపోయింది. పూసలన్నీ కలగాపులగం.

తరవాత 2011లో ఇంకోటి చేశారు. మన జన్యువుల మధ్యలో ఇంట్రాన్లని కొన్ని ముక్కలుంటాయి. కణం వాటిని చదువుతుంది, తరవాత కత్తిరించి పారేస్తుంది, ప్రోటీన్‌లోకి అవి రావు. కోడ్‌లో కామెంట్ల లాంటివన్నమాట, లేదా ఎవడో పాతవాడు వదిలేసిపోయిన డెడ్ కోడ్. వాళ్ళు హెస్7 నుంచి ఇంట్రాన్లన్నీ తీసేశారు. ప్రోటీన్ అక్షరం పొల్లుపోకుండా అదే. కానీ ఆలస్యం 19 నిమిషాలు తగ్గింది. గడియారం ఊగడమే మానేసింది, పూసలు, పక్కటెముకలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి పుట్టాయి ఎలుకలు. 2013లో ఇంట్రాన్లలో కొన్నిటినే తీసేస్తే గడియారం ఆగకుండా వేగం పెరిగింది, మెడ దగ్గరా ఛాతీ పైభాగంలోనూ పూసలు ఎక్కువొచ్చాయి!

జన్యువంటే సోర్స్ కోడ్, శరీరమంటే అవుట్‌పుట్ అని మనవాళ్ళు తెగ ఉపన్యాసాలిస్తుంటారు. నాకు ఆ పోలిక మింగుడుపడనిది ఇక్కడే. కామెంట్లు డిలీట్ చేస్తే క్రాష్ అయ్యే ప్రోగ్రామ్ మీరెప్పుడైనా రాశారా? ఇక్కడ అక్షరాల్లో రాసినదే కాదు, ఆ అక్షరాలు చదవడానికి పట్టే సమయం కూడా సమాచారమే. మన లోకంలో దీనికి దగ్గరగా ఏదైనా ఉందంటే అది పాతకాలం ఎంబెడెడ్ వాళ్ళు డిలే కోసం పెట్టే ఖాళీ లూపు. కొత్తగా చేరిన కుర్రాడు "ఇదెందుకు దండగ" అని తీసేస్తే మోటారు తిరగదు. ఆ కుర్రాడికి నా సానుభూతి.

ప్రతి కణానికీ సొంత గడియారం ఉంటే అవన్నీ ఒకే టైము చూపించాలి కదా? సర్వర్లు రెండుంటేనే టైములు కలవక లాగులు చదవలేక చస్తాం, ఇక్కడ వేల కణాలు. దీని జవాబు 'నాచ్' అనే జన్యువు దగ్గర దొరికింది. 1910లలో మోర్గాన్ ల్యాబులో కొన్ని ఈగల రెక్కల అంచున గాట్లు కనిపించాయి, గాటు అనే అర్థంలో ఆ పేరు. నాచ్ అనేది కణం ఒంటి మీద ఉండే ప్రోటీన్, పక్క కణం మీద ఉండే డెల్టా వచ్చి తాకితే లోపలికి కబురు పంపుతుంది. దూరం నుంచి పనిచెయ్యదు, తగలాలి. కోలాటం లాగా. కోలాటంలో మధ్యలో కండక్టరు ఉండడు, పక్కవాడి కోలకి నీ కోల తగలడమే తాళం. చేపల్లో నాచ్, డెల్టా చెడిపోయిన రకాలకి జర్మనీలో 'ఆఫ్టర్ ఎయిట్', 'డెడ్లీ సెవెన్' లాంటి పేర్లు పెట్టారు. ఎందుకంటే మొదటి ఏడెనిమిది సోమైట్లు చక్కగా వచ్చి, ఆ తరవాత నుంచి గందరగోళం. మొదటివి ఎలా బాగున్నాయి? 2000లో లూయిస్ బృందం చెప్పిన కారణం ఇదీ: కోలలు లాగేసుకున్నా మొదటి కొన్ని అడుగులు అందరూ కలిసే వేస్తారు, ఇందాకటి తాళం ఇంకా ఒంట్లో ఉంటుంది కాబట్టి. క్రమంగా తలో దారీ అవుతుంది.

ఇక నడిచేవాడు. 2001లో పుర్కియే ల్యాబే అతన్నీ పట్టుకుంది. తోక కొసన కణాలు ఎఫ్‌జీఎఫ్8 అనే సంకేతాన్ని తయారుచేస్తాయి. తోక పెరిగి వెనక్కి జరుగుతుంటే, వెనకబడిన కణాల్లో ఆ సంకేతం మెల్లగా చల్లారుతుంది, కప్పులో కాఫీలాగా. ఎక్కడైతే ఒక స్థాయి కంటే తగ్గిందో అదే ముడి వేసే చోటు. ఎఫ్‌జీఎఫ్8లో నానబెట్టిన చిన్న పూసని పిండం పక్కన పెడితే సోమైట్లు చిన్నవయ్యాయి, ఆ సంకేతాన్ని అడ్డుకుంటే పెద్దవయ్యాయి. కుక్, జీమన్ కాగితం మీద గీసిన రెండు బొమ్మలకీ పేర్లు వచ్చేశాయి. ఇరవై ఐదేళ్ళు పట్టింది.

పాము సంగతి కూడా ఇక్కడే తేలింది. 2008లో అదే బృందం కార్న్ స్నేక్ అనే పాము గుడ్లు తీసుకుని చూస్తే యంత్రం అంతా కోడి, ఎలుకల్లో ఉన్నదే. కొత్త జన్యువు ఏమీ లేదు. పెరుగుదల వేగంతో పోల్చి చూస్తే గడియారం మాత్రం సుమారు నాలుగు రెట్లు వేగంగా కొట్టుకుంటోంది. గంట ఎక్కువసార్లు మోగింది, ముడులు దగ్గర దగ్గరగా మూడొందల పైన పడ్డాయి. కాన్ఫిగ్ ఫైల్లో ఒక్క అంకె మార్చి కొత్త ప్రోడక్టు దింపినట్టు.

ఇప్పుడు ఇదంతా ఎందుకు రాస్తున్నానో చెప్తాను. మా దూరపు బంధువుల్లో ఒక పాపకి పుట్టుకతోనే ఒక పూస సగమే ఏర్పడింది. వెన్ను ఒక పక్కకి వంగుతోంది. పాప బాగానే ఉంది, చురుగ్గా ఉంది, డాక్టర్లు చూస్తున్నారు. బాగాలేనిది వాళ్ళమ్మ. ఐదో నెలలో గ్రహణం రోజు కూరగాయలు తరిగిందని అత్తగారి వైపు, ఆరో నెల దాకా బండి మీద ఆఫీసుకెళ్ళిందని పుట్టింటి వైపు. ఎవరూ గట్టిగా అనరు, పెళ్ళిళ్ళలో పక్కకి జరిగి మాట్లాడుకుంటారు. ఆవిడ చదువుకున్న మనిషే, అయినా తనూ నమ్మడం మొదలుపెట్టింది.

లెక్క చూడండి. మనిషి పిండంలో సోమైట్లు మొదలయ్యేది గర్భం నిలిచిన సుమారు 20వ రోజున. 35వ రోజుకల్లా దాదాపు అన్నీ అయిపోతాయి. నెల తప్పిందని అనుమానం వచ్చి, టెస్టు చేసుకుని, ఎవరికి చెప్పాలా అని ఆలోచిస్తున్న రోజులవి. చాలామందికి అప్పటికి తెలియదు కూడా. ఐదో నెల స్కాన్లో కనపడిందంటే ఐదో నెలలో జరిగిందని కాదు. ప్రొడక్షన్లో ఈరోజు బయటపడిన బగ్గు ఈరోజు రాసిందే అయ్యుండాలని వాదించే మేనేజరుని మనం ఎంత తిట్టుకుంటాం! ఐదో నెల గ్రహణానికి మూడు నెలల ముందే పూసల పని ముగిసిపోయింది.

ఇక జన్యువుల వైపు. పూసలు, పక్కటెముకలు వరసగా చెదిరిపోయే ఒక అరుదైన జబ్బుకి కారణం డెల్టా కుటుంబంలోని డీఎల్ఎల్3 జన్యువని 2000లో తెలిసింది. 2008లో హెస్7 కూడా ఆ జాబితాలో చేరింది. వీటిల్లో తల్లి నుంచి వచ్చిన కాపీ, తండ్రి నుంచి వచ్చిన కాపీ రెండూ చెడిపోతేనే జబ్బు. అందుకే దగ్గర సంబంధాలు చేసుకున్న కుటుంబాల్లో ఇలాంటివి ఎక్కువగా బయటపడతాయి. మేనరికాలు మనకి కొత్తేం కాదు. అలాంటి ఇంట్లో "ఆవిడ వల్ల" అనే మాటకి అర్థమే లేదు, రెండో కాపీ ఆయన జేబులోంచే వచ్చింది. 2015లో చైనా పరిశోధకులు పుట్టుకతో వెన్ను వంకర ఉన్నవాళ్ళలో సుమారు పదో వంతు మందికి టీబీఎక్స్6 అనే జన్యువులో లోపం కనిపెట్టారు. అక్కడా అంతే, ఒక కాపీ పూర్తిగా పోయి, రెండోది కాస్త బలహీనమైతేనే. మిగతా చాలామందిలో ఏ ఒక్క కారణమూ దొరకదు.

పరిసరాల పాత్ర లేదని కాదు. 2012లో సిడ్నీలో శాలీ డన్‌వుడీ బృందం, ఈ గడియారపు జన్యువుల్లో ఒక కాపీ మాత్రమే మంచిదున్న ఎలుక పిండాలకి తల్లి కడుపులో కొద్ది గంటలు ఆక్సిజన్ తగ్గితే పూసల లోపాలు బాగా పెరుగుతాయని చూపించింది. 2017లో అదే బృందం, శరీరం ఎన్ఏడీ అనే అణువుని సరిగ్గా తయారుచేసుకోలేకపోతే పూసలు, గుండె దెబ్బతింటాయని కొన్ని కుటుంబాల్లో కనిపెట్టి, ఎలుకల్లో నయాసిన్ ఇచ్చి ఆ లోపాలు రాకుండా ఆపగలిగింది. ఎలుకల్లో అన్నాను, ఇది చదివి ఎవరూ మెడికల్ షాపుకి పరిగెత్తకండి, డాక్టర్ని అడగండి. నయాసిన్ అంటే హైదరాబాదుకి పాత పరిచయమే. జొన్నలే తిండిగా బతికిన దక్కన్ పేదల్లో నయాసిన్ లోపంతో వచ్చే పెల్లాగ్రా జబ్బు మీద గోపాలన్ గారు 1960 ప్రాంతంలో హైదరాబాదులోనే పరిశోధన చేశారు. దానికీ పూసలకీ సంబంధం ఉందని నేననట్లేదు. తిండి, జన్యువు అని రెండు గదులుగా విడదీసి చూడలేమని మాత్రం గుర్తొచ్చింది.

ఆ పాప వాళ్ళమ్మకి ఈ 20, 35 రోజుల లెక్క ఒక కాగితం మీద గీసి ఇచ్చాను. మడిచి పర్సులో పెట్టుకుంది. తరవాతి పెళ్ళిలో ఎవరో మళ్ళీ ఎత్తితే తీసి చూపించిందట.

మనిషి గడియారాన్ని ఎవరూ చూడలేదు చాలాకాలం, ఆ వయసు మానవ పిండం మీద ప్రయోగాలు చెయ్యలేరు కదా. 2020లో క్యోటో వాళ్ళు, హార్వర్డ్‌కి వెళ్ళిన పుర్కియే వాళ్ళు మూలకణాలని గిన్నెలో పెంచి, ఆ దశకి తీసుకొచ్చి, అందులో హెస్7 వెలిగి ఆరడం చూశారు. మనిషి పిరియడ్ సుమారు 5 గంటలు. రోగుల్లో కనిపించిన హెస్7 లోపాన్ని ఆ కణాల్లో పెడితే మినుకుమినుకు ఆగిపోయింది. 2022 చివరికల్లా గిన్నెలోనే జంటలు జంటలుగా సోమైట్లు విడిపోవడం కూడా చూపించారు.

ఎలుకకి 2 గంటలు, మనకి 5 గంటలు ఎందుకు? మనిషి హెస్7 జన్యువుని తీసుకెళ్ళి ఎలుక కణంలో పెట్టారు, 2020లోనే. అది ఎలుక వేగంతోనే నడిచింది. అంటే తేడా జన్యువు అక్షరాల్లో లేదు, ప్రోటీన్లు ఎంత త్వరగా తయారై ఎంత త్వరగా కరుగుతాయన్న ఆ కణపు నడకలో ఉంది. అదే ప్రోగ్రాము, వేరే మెషీను. పెద్ద జంతువైతే నెమ్మదేమో అనిపిస్తుంది. 2023లో ఎబిసుయా బృందం కుందేలు, ఆవు, ఖడ్గమృగం, మార్మోసెట్ అనే చిన్న కోతి కణాలతో కూడా ఇదే కొలిచింది. అన్నింటికంటే నెమ్మదిగా కొట్టుకున్న గడియారం ఖడ్గమృగానిది కాదు. గుప్పెట్లో పట్టే ఆ కోతిది, మనిషి కంటే కూడా నెమ్మది.